ఖాళీ కారు చల్లబడేదాకా

"ఏసీ వేశావా?"

బాత్‌రూమ్ తలుపు కొంచెం తెరిచి, తల తుడుచుకుంటూ శశికాంత్ రోజూ పొద్దున్నే అడిగే మొదటి మాట ఇది. అతనడిగేది ఇంట్లో ఏసీ గురించి కాదు. తొమ్మిది అంతస్తుల కింద ఎండలో నిలబెట్టిన తెల్ల కారులో ఏసీ గురించి. సూర్యకుమారి దోసె తిరగేస్తూ "వేశానండీ" అంటుంది. ఒక్కోరోజు వెయ్యకపోయినా వేశాననేసి, స్టవ్ తగ్గించి, చెప్పుల్లో కాళ్లు దూర్చి లిఫ్టు వైపు పరిగెత్తుతుంది.

మూడేళ్లుగా, వాళ్లు సింగపూర్ వచ్చి బెడోక్‌లో ఈ ఫ్లాట్ తీసుకున్నప్పటి నుంచీ, ఇదే వరస. దీనికో పద్ధతి ఉంది. కారుకి రెండు తాళంచెవులు. ఒకదాంతో ఇంజన్ ఆన్ చేసి, ఏసీ పూర్తిగా పెంచి, ఆ తాళంచెవిని అక్కడే ఉంచి దిగాలి. రెండోదాంతో బయటినుంచి తలుపులు లాక్ చేసి పైకి వచ్చేయాలి. ఆమె నిఖిల జడ వేసి, డబ్బాలు సర్ది, సాంబారు తిరగమోత పెట్టేసరికి పావుగంట గడుస్తుంది. అప్పటికి కింద ఖాళీ కారు మంచుముద్దలా చల్లబడి ఉంటుంది. శశికాంత్ ఇస్త్రీ చొక్కాకి చెమట చుక్క అంటకుండా వెళ్లి అందులో కూర్చుంటాడు. అతని ఆఫీసు చాంగీ బిజినెస్ పార్క్‌లో. ట్రెయిన్‌లో అయితే రెండు స్టేషన్లు.

ఈ అలవాటు అతను అమెరికా నుంచి తెచ్చుకున్నాడు. పెళ్లికి ముందు రెండు చలికాలాలు మినియాపొలిస్‌లో పనిచేశాడట. "అక్కడ వేడెక్కించేవాళ్లం, ఇక్కడ చల్లబరుస్తున్నాం, అంతే తేడా" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతాడు. 'చల్లబరుస్తున్నాం' అన్న ఆ బహువచనంలో తనెక్కడుందో సూర్యకుమారి ఎప్పుడూ వెతుక్కునేది. రాజమండ్రి నుంచి అత్తగారు ఫోన్‌లో అనేది: "వాడికి చెమట పడితే వీపంతా పేలిపోతుందమ్మా. చిన్నప్పుడు రాత్రంతా విసురుతూ కూర్చునేదాన్ని. నీకా బాధ లేదు, మీట నొక్కడమే కదా." నిజమే, మీట నొక్కడమే. వాషింగ్ మెషీన్‌కీ మీట నొక్కడమే, మిక్సీకీ మీట నొక్కడమే, లిఫ్టుకీ అంతే. రోజుకి ఎన్ని మీటలు నొక్కినా సాయంత్రం అతను వచ్చి "ఏం చేశావివాళ?" అని అడిగితే చెప్పడానికి ఒక్కటీ ఉండేది కాదు.

పెళ్లికి ముందు ఆమె చెయ్యడానికి చాలా ఉండేది. విశాఖపట్నంలో బి.ఎల్. చదివి, అనకాపల్లి కోర్టులో రెండున్నరేళ్లు ప్రాక్టీసు చేసింది. ఒక రైసుమిల్లు ఊక పొగ చుట్టుపక్కల ఇళ్లమీద పడుతోందని పదకొండు కుటుంబాల తరఫున వాదించి, మిల్లు గొట్టం ఎత్తు పెంచేలా ఆర్డరు తెచ్చింది. ఇప్పుడు సింగపూర్‌లో ఉండడానికి ఆమెకిచ్చిన కార్డు మీద 'డిపెండెంట్' అని రాసి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఆ మాటని తెలుగులోకి మార్చుకుని చదువుకుని, కార్డు పర్సులో అడుగున పెట్టేసింది.

రెండో అంతస్తులో, సరిగ్గా ఆ కారు నిలబెట్టే చోటికి పైన, తారాదేవి ఆంటీ ఉంటుంది. డెబ్బై దాటింది. పుట్టిందే సింగపూర్‌లో. తండ్రి సెంబవాంగ్ నేవల్ బేస్‌లో పనిచేసేవాడు. ఆవిడ తెలుగులో సగం తమిళం, అక్కడక్కడ మలయ్ కలుస్తాయి. ఊపిరితిత్తులు బలహీనం, ఎప్పుడూ చేతిలో ఇన్‌హేలర్ ఉంటుంది. లిఫ్టు దగ్గర కనిపిస్తే "ఏమ్మా సూర్యా, మకాన్ అయిందా?" అని, తిన్నావా అన్నట్టు, పలకరిస్తుంది. ఆరు నెలల క్రితం ఒకరోజు ఆ పలకరింపు అయ్యాక కొంచెం తటపటాయించి అంది: "మీ కార్ పొగ మొత్తం నా కిచెన్‌లోకి వస్తది మా. కొంచెం చూడు, సరేనా?"

సూర్యకుమారి ఆ సాయంత్రమే శశికాంత్‌కి చెప్పింది. అతను లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా, "కిటికీ మూసుకోమను" అన్నాడు. కాసేపాగి, "ఆ స్లాట్ మనకి దొరకడమే గొప్ప" అన్నాడు. మర్నాడు ఎప్పటిలాగే "ఏసీ వేశావా?" అన్నాడు. ఆమె ఎప్పటిలాగే వేసింది. ఒక్క మార్పు మాత్రం వచ్చింది. ఆ రోజు నుంచి కారు దగ్గర తలెత్తి చూడడం మానేసింది.

ఆ మంగళవారం నిఖిలకి జ్వరం. తొమ్మిదేళ్ల పిల్ల సోఫాలో ముడుచుకుని పడుకుంది. నుదుటిమీద తడిగుడ్డ మారుస్తూ సూర్యకుమారి, "ఇవాళ నేను దిగలేనండీ, మీరే వేసుకోండి" అంది. శశికాంత్ గొణుక్కుంటూ దిగాడు. ఎండ ఎక్కువగా ఉందని కారుని స్లాట్‌లోంచి తీసి, బ్లాకు ముందు నీడగా ఉండే ప్రవేశం దారిలో అడ్డంగా పెట్టాడు. ఇంజన్ ఆన్ చేసి, లాక్ చేసి, రెండో కాఫీకి పైకొచ్చాడు. అంతలో క్లయింటు ఫోన్ వచ్చింది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుతున్నాడు.

సైరన్ వినిపించింది. ఆగింది. తర్వాత హారన్, ఆగకుండా. సూర్యకుమారి వంటింటి కిటికీలోంచి వంగి చూసింది. పైనుంచి తమ తెల్ల కారు కప్పు కనిపించింది. దాని వెనక అంబులెన్స్. ఒకతను కారు అద్దాల్లోకి తొంగి చూస్తున్నాడు, ఇంకొకతను తలుపు లాగుతున్నాడు. లోపల ఎవరూ లేరు, ఇంజన్ నడుస్తోంది.

"ఏవండీ, తాళం!" అంది. శశికాంత్ ఫోన్‌లో మాట్లాడుతూనే చూపుడువేలు ఎత్తాడు, ఒక్క నిమిషం అన్నట్టు. ఆమె ఆ నిమిషం ఇవ్వలేదు. అతని చొక్కా జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి లాక్కుని పరిగెత్తింది. లిఫ్టు నాలుగులో ఆగింది, మూడులో ఆగింది. కిందికి చేరేసరికి అంబులెన్స్‌తో వచ్చిన మరో ఇద్దరు దాన్ని రోడ్డు మీదే ఉంచి, స్ట్రెచర్‌ని నడకదారిలో తోసుకుంటూ ఎండలో వెళ్తున్నారు. దాని మీద తారాదేవి ఆంటీ. మొహానికి మాస్క్, చీర కుచ్చిళ్లు జారి చక్రాలకి తగులుతున్నాయి. సూర్యకుమారి పక్కన నడుస్తూ ఆ కుచ్చిళ్లు ఎత్తి ఆవిడ కాళ్ల మీద పెట్టింది. ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి. ఆమెని చూశాయి. అంబులెన్స్ వెళ్లిపోయాక వెనక్కొచ్చి కారు తెరిచింది. లోపలి చల్లగాలి మొహానికి కొట్టింది. ఇంజన్ ఆపింది. అంత నిశ్శబ్దం ఆ చోట మూడేళ్లలో ఎప్పుడూ వినలేదనిపించింది.

తారాదేవి ఆంటీ బతికింది. నాలుగైదు నిమిషాలు ఆలస్యమైందని, అదృష్టం బాగుందని పక్కింటివాళ్లు చెప్పుకున్నారు. పది రోజుల తర్వాత ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది. ఫలానా రోజు ఫలానా నంబరు వాహనాన్ని ఇంజన్ ఆపకుండా, మనిషి లేకుండా వదిలిపెట్టడం నేరమని, ఆ సమయంలో వాహనం ఎవరి ఆధీనంలో ఉందో పద్నాలుగు రోజుల్లో తెలపాలని. శశికాంత్ రెండుసార్లు చదివి, మడిచి టేబులు మీద పెట్టాడు. తర్వాత ఎంతో నెమ్మదిగా, పిల్లకి లెక్క చెప్పినట్టు చెప్పాడు.

"చూడు సూర్యా, మన పీఆర్ అప్లికేషన్ నడుస్తోంది. వచ్చే నెల నా ప్రమోషన్ ప్యానెల్. నా పేరు మీద ఇలాంటిది ఉండకూడదు. రోజూ ఆన్ చేసేది నువ్వే కదా. ఆ రోజూ నువ్వే చేశావని రాసిస్తే సరిపోతుంది."

"ఆ రోజు చేసింది నేను కాదుగా."

"ఎవరు చూశారు? నీకేం పోతుంది చెప్పు? నీకు ఉద్యోగమా సద్యోగమా?"

సెరంగూన్ రోడ్డులో విశ్వనాథం గారని ఒక పెద్ద లాయరున్నారు. షిప్‌యార్డుల్లో, కన్‌స్ట్రక్షన్లలో దెబ్బలు తగిలిన మన కార్మికుల కేసులు చూస్తారు. వాళ్ల తెలుగు వాంగ్మూలాలు ఇంగ్లీషులోకి రాసిపెట్టడానికి, కాగితాలు చూడడానికి చట్టం తెలిసిన మనిషి కావాలన్నారు. సూర్యకుమారిని రెండుసార్లు పిలిచి మాట్లాడారు. దరఖాస్తులో ఒక గడి ఉంది: మీ మీద ఏవైనా కేసులున్నాయా? ఉత్తరం ఇంకా రాలేదు కాబట్టి ఆమె ఆ గడిలో లేవని రాసింది. ఈ సంగతంతా శశికాంత్‌కి తెలుసు. గుర్తు చేస్తే, "అదో ఉద్యోగమా, కూలీల అర్జీలు రాయడం" అన్నాడు. అది ఉద్యోగమే కానప్పుడు అది పోవడమూ పోవడం కాదు కాబోలు.

ఆ మరుసటి వారం శనివారం మధ్యాహ్నం భోజనానికి సుధాకరరావు, అతని భార్య లత వచ్చారు. అతనూ శశికాంత్ ఆఫీసులోనే. పులిహోర, గుత్తివంకాయ, అప్పడాలు. మాట ఎలాగో ఉత్తరం మీదకి మళ్లింది.

"ఇదెక్కడి న్యాయం బ్రదర్!" అన్నాడు సుధాకరరావు. "నా బండి, నా పెట్రోలు. ఇంజన్ ఆన్ చేసుకుంటే నేరమా? బండి కదల్లేదు, ఎవర్నీ గుద్దలేదు. ఇందులో నేరం ఎక్కడుంది?"

"అదే కదా! మినియాపొలిస్‌లో అయితే ప్రతి ఇంటి ముందూ పొద్దున్నే బండ్లు అలాగే నడుస్తుంటాయి. అక్కడందర్నీ జైల్లో పెట్టాలి" అని శశికాంత్ నవ్వాడు. తర్వాత, వడ్డిస్తున్న భార్య వైపు చెంచా చూపించి తేలిగ్గా అన్నాడు: "ఏం చేస్తాం. మా ఆవిడ నిర్వాకం. ఏసీ వేసి, బండి అడ్డంగా వదిలేసి సీరియల్ చూస్తూ కూర్చుంది."

సూర్యకుమారి చేతిలో పులిహోర గిన్నె అలాగే ఉండిపోయింది. అబద్ధం ఆమెని అంతగా తాకలేదు. దాన్ని అతనంత సులువుగా, ఉప్పు అందించినట్టు చెప్పడం తాకింది. ఆమె ఏ సీరియలూ చూడదు. ఆ సంగతి అతనికి తెలుసు. వచ్చినవాళ్లు నమ్మాలంటే ఆడమనిషి పక్కన ఒక సీరియల్ పెడితే చాలు, అదీ అతనికి తెలుసు.

టేబులు చివర్న కూర్చున్న నిఖిల తలెత్తి, బళ్లో అలవాటైన సింగపూర్ యాసలో అంది: "నో అంకుల్, దట్ డే డాడీ వెంట్ డౌన్ లా. ఐ హాడ్ ఫీవర్ వాట్. అమ్మ వాజ్ విత్ మీ."

"పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో ఏంటి? లోపలికెళ్లి చదువుకో" అన్నాడు శశికాంత్.

పిల్ల లేవలేదు. తల్లి మొహంలోకి చూసింది. తను చూసింది నిజమా కాదా అని తల్లిని అడుగుతున్నట్టు చూసింది. ఆ చూపు చాలాసేపు ఉండదని, ఇప్పుడు జవాబు రాకపోతే ఈ పిల్ల ఇంకెప్పుడూ ఇలా అడగదని సూర్యకుమారికి అర్థమైంది. ఇక ముందు పెద్దవాళ్లు చెప్పిందే జరిగిందనుకోవడం నేర్చుకుంటుంది. అలా నేర్చుకోవడం ఎంత తేలికో, తర్వాత వదిలించుకోవడం ఎంత కష్టమో ఆమెకి తెలుసు.

"అవును నిఖిలా" అంది గిన్నె టేబులు మీద పెట్టి. "ఆ రోజు కిందకెళ్లింది డాడీయే."

సుధాకరరావు మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. శశికాంత్ నవ్వు పెదాల మీదే ఆగిపోయింది. ఆ నవ్వుని ఎలాగో లాక్కొస్తూ, "చూశారా, లాయరమ్మ లేచింది. చెప్పండి మేడమ్, ఇంజన్ ఆన్ చేయడం నేరమంటారా కాదంటారా? తీర్పివ్వండి" అన్నాడు.

"నేరమే అవ్వాలి" అంది సూర్యకుమారి. ఆమె గొంతు తనకే కొత్తగా, అనకాపల్లిలో ఉన్నప్పటి గొంతులా వినిపించింది. "నేరం ఎక్కడుందని అడిగారు కదా అన్నయ్యగారూ, బండిలో మనిషి లేడు చూడండి, అక్కడుంది. అది ఎవరికోసం మండుతోందో ఆ మనిషి పక్కనుంటే పొగ పీల్చేవాడు, అంబులెన్స్ వస్తే పక్కకి తీసేవాడు. అతను తొమ్మిదో అంతస్తులో కాఫీ తాగుతున్నాడు. పొగ రెండో అంతస్తులో ముసలావిడ పీలుస్తోంది. మినియాపొలిస్‌లో చలికి మనిషి బిగుసుకుపోతాడేమో, నాకు తెలీదు. ఇక్కడ చెమట పడితే చొక్కా తడుస్తుంది, అంతే. ఒకరి చొక్కా తడవకుండా ఉండడానికి ఇంకొకరి ఊపిరి ఆగకూడదని చెప్పడానికి మంచితనం చాలనప్పుడే చట్టం రాస్తారు."

భోజనాలయ్యాక వంటింట్లో గిన్నెలు సర్దుతున్నప్పుడు లత వెనకనుంచి వచ్చి, కుళాయి చప్పుడు చాటున మెల్లిగా అంది: "మా ఇంట్లో కూడా నేనే ఆన్ చేస్తా, సూర్యా. వానొచ్చినా గొడుగేసుకుని."

వాళ్లు వెళ్లాక శశికాంత్ అరవలేదు. అరిస్తే బాగుండేది. "పదిమందిలో పరువు తీశావు" అని ఒక్కమాటే అని తలుపేసుకున్నాడు. ఆదివారం ఉదయం డైనింగ్ టేబులు మీద ఒక కాగితం ప్రింటు తీసి పెట్టి ఉంది, దాని మీద పెన్ను. ఆమె పేరుతో రాసిన వివరణ. ఇంగ్లీషు అంతగా రాని గృహిణిని. ఇక్కడి చట్టాలు నాకు తెలియవు. నా భర్తకు తెలియకుండా వాహనాన్ని అక్కడ వదిలాను. పెద్దమనసుతో క్షమించగలరు. నాలుగే వాక్యాలు. ఆమె చదువు, ఆమె చట్టం, ఆమె మాట, ఆమె తలెత్తుకుని నిలబడడం, ఒక్కో వాక్యం ఒక్కోదాన్ని తీసేసుకుంది. అయినా కామాలన్నీ సరైన చోట్ల ఉన్నాయి. అతను మంచి ఇంగ్లీషే రాస్తాడు.

పెన్ను ముట్టుకోలేదు. మధ్యాహ్నం నిఖిలని తీసుకుని హాస్పిటల్‌కి వెళ్లింది. తారాదేవి ఆంటీ దిండుకి చేరగిలబడి కూర్చుని ఉంది. మాట మధ్యలో ఆగి ఆగి ఊపిరి తీసుకుంటోంది. సూర్యకుమారి తెచ్చిన పెసరకట్టు రెండు చెంచాలు తాగి, బాగుందని తల ఊపింది. సూర్యకుమారి ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ఆ రోజు మా కారే అడ్డమొచ్చింది ఆంటీ, క్షమించండి" అంది.

"ఆ ఒక్క రోజు కారు గురించి నాకు కోపం లేదు మా" అంది ఆవిడ. "నేను చెప్పిన తరువాత నువ్వు పైకి చూడడం ఆపేశావు. రోజూ చూశాను నేను. కింద వస్తావు, ఇంజన్ వేస్తావు, తల దించుకుని పోతావు. ఎందుకు? చూస్తే ఆపాలి, అందుకే కదా?"

ఇన్నాళ్లూ సూర్యకుమారి తను భర్త మాటకి కట్టుబడిన మనిషిననీ, పాపం ఏదైనా ఉంటే అది చెప్పినవాడిదేననీ ఎక్కడో లోపల సర్దుకుని ఉంది. ఆ సర్దుబాటులో కొంత సుఖం ఉంది. చెప్పింది చెయ్యడంలో ఉండే సుఖం. ఈ ముసలావిడ మూడే మాటల్లో దాన్ని పీకి అవతల పారేసింది. కళ్లు తిప్పుకున్నది తన కళ్లే. మీట నొక్కిన వేలు తన వేలే. తన మీద పడిన అబద్ధాన్ని తోసేయాలంటే, తన నిజాన్ని కూడా తనే ఎత్తుకోవాలి. లేకపోతే అతనికీ తనకీ తేడా ఏముంది?

"అవునాంటీ" అంది. "అందుకే."

తారాదేవి ఆంటీ చెయ్యి చాచి నిఖిల జుట్టు నిమిరింది. "ఇంకొంచెం కట్టు పొయ్యి" అంది.

ఇంటికొచ్చి, నిఖిల హోంవర్కు చేసుకుంటుంటే అదే టేబులు దగ్గర కూర్చుని రాసింది. రెండు పేరాలు. మొదటిది ఆ మంగళవారం ఏం జరిగిందో, ఎవరు ఎప్పుడు ఏం చేశారో. రెండోది అంతకుముందు మూడేళ్ల పాటు ఏం జరిగిందో: ప్రతి పనిదినం ఉదయం, భర్త కోరిక మీద, ఇంజన్ ఆన్ చేసి వదిలి వెళ్లింది తనేనని, పొగ గురించి రెండో అంతస్తు ఆవిడ చెప్పిన తర్వాత కూడా మానలేదని. కింద పూర్తి పేరు, పక్కన బి.ఎల్. అని రాసింది. ఆ రెండక్షరాలు రాసి పదేళ్లు దాటింది.

విశ్వనాథం గారికి ఫోన్ చేసి చదివి వినిపించింది. "రెండో పేరా తీసేయండమ్మా. అది ఎవరూ నిరూపించలేరు. లాయరుగా చెబుతున్నాను" అన్నారు. తీయనంది. "ముందుగా నేరం ఒప్పుకుని చేరే మనిషిని నేనింతవరకూ పెట్టుకోలేదు. నన్ను కొంచెం ఆలోచించుకోనివ్వండి" అన్నారు. ఆలోచించుకోమంది.

సోమవారం సాయంత్రం శశికాంత్ వచ్చి, బ్యాగు దింపుతూనే టేబులు వైపు చూశాడు. "సంతకం పెట్టావా?"

ఆమె తను రాసిన కాగితం కాపీ చేతికిచ్చింది. అతను నిలబడే చదివాడు. మొదటి పేరా దగ్గర మొహం ఎర్రబడింది. రెండో పేరా దగ్గర ఆ ఎరుపు పోయి, నిజంగా అర్థం కానట్టు చూశాడు.

"నన్ను ఇరికించడం సరే, నీ మీద నువ్వే రాసుకున్నావేంటి? పిచ్చా నీకు? ఆ లాయరు నిన్ను తీసుకుంటాడనుకుంటున్నావా?"

"తీసుకోకపోవచ్చు."

"మరి?"

"తీసుకోకపోతే ఇంకొకరిని అడుగుతాను. ఆ గడిలో మాత్రం అబద్ధం రాయను."

అతను కుర్చీలో కూలబడ్డాడు. కాగితాన్ని రెండుగా మడిచాడు, నాలుగుగా మడిచాడు. గొంతు తగ్గించి, చాలా ఏళ్ల తర్వాత బతిమాలుతున్నట్టుగా అన్నాడు: "సరే, అయిందేదో అయింది. గడువు ఇంకా నాలుగు రోజులుంది. కూర్చుని ఇద్దరం కలిసి మంచిగా ఇంకోటి రాద్దాం. ఇది చింపేద్దాం."

"గడువు మీకుందండీ" అంది సూర్యకుమారి. "నేను పొద్దున్నే వాళ్ల ఆఫీసుకి వెళ్లి ఇచ్చేశాను."

"ఉత్తరం వచ్చింది నాకు! మధ్యలో నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదు" అంది. "అందుకే నేనే వెళ్లి చెప్పాను."